ఎండలు ముదరకముందే కూలర్, ఏసీ, వైరింగ్ చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ మెకానిక్ ఫోన్ ఎత్తడు. ఎత్తినా "రేపొస్తా సార్" అంటాడు, ఆ రేపు ఎప్పటికో వస్తుంది. అందుకే సర్వీసింగ్, వైరింగ్ పనులు శివరాత్రి వెళ్లగానే పెట్టుకోండి.

కొత్తగా కొనేవాళ్లు ముందు తమ ఊరి గాలి సంగతి చూసుకోవాలి. కూలర్‌లో నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, బయట 42 డిగ్రీలున్నా మంచి కూలర్ ముప్పైకి అటూఇటూగా గాలి ఇస్తుంది. అదే కూలర్‌ని విశాఖలోనో కాకినాడలోనో పెడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అక్కడి గాలిలో ముందే తేమ ఎక్కువ, నీరు సరిగా ఆవిరవదు. సముద్రం పక్కన కూలర్ కొనడం నా దృష్టిలో డబ్బు దండగే.

కూలర్ వేస్తే కిటికీ తెరవాలి, తడిగాలి బయటికి పోవాలి. ఏసీ వేస్తే మూయాలి. "ఇంకాస్త చల్లగా ఉంటుంది" అని రెండూ ఒకే గదిలో వేసేవాళ్లున్నారు. కూలర్ వదిలే తేమని ఏసీ మళ్లీ నీళ్లుగా మార్చి బయటికి పంపాలి, ఆ పనికి కరెంటు బిల్లు మీరు కట్టాలి.

అసలు భయపడాల్సింది షాక్‌కి. ఇనుప బాడీ కూలర్, తడి నేల, ఒట్టి కాళ్లు, మూడూ కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. టూ పిన్ ప్లగ్ ఉన్న ఇనుప కూలర్‌కి ఎర్త్, అంటే లీకైన కరెంటుని భూమిలోకి పంపే దారి, ఉండదు, త్రీ పిన్ వైరు వేయించండి. గోడలో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ వైరు ఉందనుకోవద్దు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఉండదు, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్ ఉంది కదా అని ధీమా కూడా వద్దు. అది వైరింగ్‌ని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి, దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్ కూడా పీకండి. ఆ పని పిల్లలకి చెప్పొద్దు.

ఏసీ విషయంలో ముప్పు ఎక్కువగా లోడ్‌తో వస్తుంది. టన్నున్నర ఏసీకి 16 ఆంపియర్ల సాకెట్, విడిగా ఎంసీబీ, దానికి తగ్గ మందం రాగి వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపనే వద్దు. ప్లగ్ వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయండి. ఫిల్టర్లు మీరే కడుక్కోవచ్చు కానీ, అవుట్‌డోర్ యూనిట్ మూత మాత్రం తీయకండి. కరెంటు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్ అనే భాగంలో షాక్ కొట్టేంత చార్జ్ నిలిచి ఉంటుంది.

"గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని ఏటా చెప్పే మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: లీకు ఎక్కడ? ఏసీ గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే తరిగిపోదు. లీకు సరిచేయకుండా నింపితే మళ్లీ పోతుంది. ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఉండే ఆర్32 కొంతవరకు మండే గుణమున్న గ్యాస్. పని జరిగేటప్పుడు తలుపులు తీసి ఉంచండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ ఎవరూ వెలిగించకూడదు.

మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. తలుపులు బిగించి లోపల దోమల చుట్ట వెలిగిస్తే ఆ పొగంతా రాత్రంతా పీల్చాల్సిందే. దోమతెర కట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే కరెంటు పోయినప్పటి సంగతి కూడా ఆలోచించి పెట్టుకోవాలి. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. బాగా వేడెక్కిన గదిలో ఫ్యాన్ వేడిగాలినే తిప్పుతుంది. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి, తరచూ మంచినీళ్లు తాగించి, ఇంట్లో చల్లగా ఉన్న చోటికి మార్చండి. కరెంటు రాగానే ఏసీ వేయకుండా మూడు నిమిషాలు ఆగండి.

కూలర్ తొట్టిని వారానికోసారి పూర్తిగా ఖాళీ చేసి, గోడలు రుద్ది ఆరబెట్టండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. వానలు మొదలై కూలర్ మూలకి చేరేటప్పుడు కూడా తొట్టిలో నీళ్లు మిగల్చకండి, గడ్డి ప్యాడ్లు తీసి పారేయండి.