తరిమెన మీద సీసా బిరడా: ముందు మూతి కొలవండి

గృహప్రవేశాలకీ పెళ్లిళ్లకీ స్టీలు గిన్నెలు కొనడం మానేశాను. గాజు సీసాలో గానుగ నువ్వుల నూనె పోయించి, నేనే తరిమెన (లేతు) పట్టిన బిరడా పెట్టి ఇస్తున్నాను. అందుకున్నవాళ్లు పైనున్న రంగుల తలనే తిప్పి తిప్పి చూస్తారు. చేసేవాళ్లకి మాత్రం అసలు పని కింద, సీసా మూతిలో దిగే ముక్క దగ్గర ఉంటుంది. అందుకే చెక్క కన్నా ముందు సీసా కొనండి.

మూతి లోపలి వ్యాసం వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మామూలు వైన్ సీసాకి సుమారు 18.5 మి.మీ. ఉంటుంది. నూనె, తేనె సీసాలైతే ఒక్కో రకానిది ఒక్కో కొలత. లాబొరేటరీ సామాన్లు అమ్మే షాపుల్లో ఒక కొస సన్నగా ఉండే కార్కులు దొరుకుతాయి. సన్న కొస సులువుగా దిగి, సగానికి వచ్చేసరికి బిగుసుకునేది తీసుకోండి. కార్కు ఎందుకు, మొత్తం చెక్కతోనే చెయ్యొచ్చుగా అని అడుగుతుంటారు. చెక్క వానాకాలంలో ఉబ్బి ఇరుక్కుంటుంది, ఎండాకాలంలో వదులవుతుంది. మా విశాఖ ఉప్పుగాలికైతే చెప్పనక్కర్లేదు.

తలకి నేను వాడేది అంకుడు కర్ర. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేది దీనితోనే. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ఉలికి ఎదురు తిరగదు. బాగా ఆరిందే కావాలి, పచ్చి కర్ర తర్వాత పగులుతుంది. అంకుడు దొరక్కపోతే వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్క అడగండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి జిగురు పెట్టేచోట ఎసిటోన్‌తో తుడవాలి.

40 మి.మీ. చదరంగా, 65 మి.మీ. పొడవుగా ముక్క కోయండి. చెక్క నార పొడుగు వైపు ఉండాలి. ఒక కొసన సరిగ్గా మధ్యలో 10 మి.మీ. బిట్‌తో 25 మి.మీ. లోతు రంధ్రం వేసి, అందులో గట్టి చెక్కతో చేసిన 10 మి.మీ. గుండ్రటి పుల్లని ఎపాక్సీ జిగురుతో అతికించండి. పుల్ల పక్కన ఆకురాయితో సన్నగా ఒక గీత గీస్తే లోపలి గాలి బయటికి పోతుంది, లేకపోతే జిగురు వెనక్కి తన్నుతుంది. పుల్ల బయటికి 40 మి.మీ. దాకా వదలండి. రాత్రంతా ఆరనివ్వండి.

ఇప్పుడు ఆ పుల్లని లేతు చక్కులో (ముక్కని పట్టి తిప్పే భాగం) పట్టించి, రెండో కొసని టెయిల్‌స్టాక్‌తో (ఎదుటి నుంచి మొనతో ఆనించే భాగం) ఆనించండి. పుల్ల సన్నం కాబట్టి ఆ ఆనిక చివరిదాకా తియ్యొద్దు. ఉలి ఆనించే టూల్‌రెస్ట్ తగలకుండా ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూసుకోండి. ముఖానికి షీల్డు తప్పనిసరి. పొడుగు చేతుల చొక్కా, చున్నీ, వేలాడే గొలుసు, ఏవీ లేతు దగ్గరికి రాకూడదు.

మొదట తక్కువ వేగంలో గుంట ఉలితో మూలలు తీసి గుండ్రం చేయండి, తర్వాత వేగం పెంచండి. అడుగున కార్కుకి ఆనే ముఖాన్ని మధ్యలో కొంచెం లోపలికి తియ్యండి, అంచు కార్కు మీద సందు లేకుండా కూర్చుంటుంది. దానిమ్మ, కలశం, బొంగరం, మీకు నచ్చిన ఆకారం తీసుకోండి. నా షరతు ఒక్కటే: తల కింద వేళ్లు పట్టేలా ఒక పల్లం ఉండాలి. నూనె చేతులతో లాగే వస్తువు ఇది. మా అత్తయ్య మొదటి బిరడాని మెచ్చుకున్నది ఆకారానికి కాదు, ఆ పల్లానికే.

గరుకు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 180, 240, 320 వరుసగా పట్టండి. మధ్యలో ఒకటి దాటేస్తే ఆ గీతలు లక్క కింద మరీ స్పష్టంగా కనిపిస్తాయి.

ఇక లక్క. నాకు ఎప్పుడెప్పుడా అనిపించే పని ఇదే. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న చెక్కకి ఆనించి నొక్కితే, ఒరిపిడి వేడికే కరిగి చారగా అంటుకుంటుంది. నొక్కుడు చాలకపోతే పొడి రాలుతుంది, ఎక్కువైతే గడ్డ కడుతుంది. చెయ్యి కుదిరాక సన్నటి వాసన వస్తుంది, రంగు తనంతట తనే పాకుతుంది. వెంటనే ఎండు మొగలి ఆకు ముక్కని ఆనిస్తే లక్క సర్దుకుని అద్దంలా మెరుస్తుంది. గుడ్డ మాత్రం వాడొద్దు, చుట్టుకుంటే వేలు కూడా లోపలికి లాగేస్తుంది. ఏటికొప్పాకలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగులు తీస్తారు. ఆ సహజ రంగులకి మళ్లీ ఊపిరి పోసిన సి.వి.రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. వంటింట్లో ఉండే వస్తువు కాబట్టి నేను ఆ కడ్డీలే తెప్పించుకుంటాను. లక్క దొరకనివాళ్లు తేనెమైనం రుద్దినా సరిపోతుంది, మెరుపే కాస్త తక్కువ.

చివరి కొసలో టెయిల్‌స్టాక్ గుర్తు మిగులుతుంది. లేతు ఆపి దాన్ని చిన్న రంపంతో కోసి, చేత్తోనే నున్నగా చేసి, అదే రంగు లక్కని కొంచెం వేడిచేసి అద్దండి.

కార్కుకి వెడల్పు కొస నుంచి మూడింట రెండొంతులే రంధ్రం వేయండి. అవతలికి తూట్లు పడకపోతే పుల్లా, జిగురూ నూనెకి తగలవు. పుల్లని ఆ లోతుకి కోసి, ఎపాక్సీతో అతికించి మర్నాటిదాకా ముట్టుకోకండి. తర్వాత సీసాలో నీళ్లు పోసి, బిరడా పెట్టి, పాత పేపరు మీద పక్కకి పడుకోబెట్టండి. పేపరు తడిస్తే ఆ కార్కు ఆ సీసాది కాదు, పెద్ద సైజుది చూడాలి.

ఇచ్చేటప్పుడు సీసా మెడకి చిన్న చీటీ కడతాను: "నీళ్లలో నానబెట్టొద్దు, పొయ్యి పక్కన పెట్టొద్దు." వేడికి లక్క మెత్తబడుతుంది మరి. మందు సీసాకి పెడతామనేవాళ్లకి మాత్రం తేనెమైనం పూసినదే ఇస్తాను, స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది.