ఎడారి రాక్ డ్రమ్మింగ్ – 5వ పాఠం: డ్రమ్మరే పాట కడితే

పోయిన పాఠంలో మెట్రోనోమ్‌ను (టిక్‌టిక్‌మంటూ తాళం చూపే పరికరం) నిమిషానికి 96 దెబ్బల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా 72కి దించమన్నాను. చేసినవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది: వేగం తగ్గేకొద్దీ చేతులకి పని తగ్గుతుంది, బుర్రకి టెన్షన్ పెరుగుతుంది. 120లో దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. 72లో 0.83 సెకను. అంత ఖాళీ కనిపించగానే ఏదో ఒకటి వాయించేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఇప్పటిదాకా ఆ దురదను అణచుకోవడమే నేర్చుకున్నాం. ఇప్పుడు ఆ ఖాళీలోకి బేసునీ గిటారునీ తెచ్చి కూర్చోబెడదాం. వాటిని వాయించేదీ మీరే.

ఇందులో మనకి దారి చూపేవాడు బ్రాంట్ బ్యోర్క్. 1973లో పుట్టాడు. కాలిఫోర్నియాలోని పామ్ డెజర్ట్ కుర్రాడు. అక్కడి కుర్రకారు ఊరవతల ఎడారిలోకి జనరేటర్ తీసుకెళ్లి, దానికే ఆంప్లిఫయర్లు తగిలించి, రాత్రిపూట వాయించుకునేవాళ్లు. జనరేటర్ పార్టీలని వాటికి పేరు. ఒక్కసారి ఆ చోటు ఊహించుకోండి. గోడ లేదు, కప్పు లేదు. కొట్టిన దెబ్బ మళ్లీ మన చెవికి తిరిగి రాదు. అలాంటి చోట సన్నసన్నని నగిషీలు ఎవరికీ వినపడవు. కిక్కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేరు (ముందుండే చురుకైన మోత డ్రమ్ము) గట్టిగా, ఒకే తీరుగా పడితేనే పదిమందీ తల ఊపుతారు. ఈ శైలి డ్రమ్మింగ్‌ని తేలికనుకునేవాళ్లని ఒకసారి ఆరుబయట కూర్చోబెట్టి వాయించమనాలి.

బ్యోర్క్ అలా తయారైన కైయస్ బ్యాండ్‌కి డ్రమ్మరు. 1992లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్‌లోని ‘గ్రీన్ మెషీన్’ పాట రాసింది గాయకుడూ కాదు, గిటారిస్టూ కాదు, ఇతనే. వెనక కూర్చున్నవాడు తాళం వేసి ఊరుకోవాలన్న రూలేమీ అక్కడ లేదన్నమాట. 1994లో కైయస్ నుంచి బయటికొచ్చాడు. తర్వాత ఫు మాంచు అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు. ఆ కొలువులో ఉండగానే 1999లో ‘జలమంటా’ అనే సోలో ఆల్బమ్ తెచ్చాడు. అందులో డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు దాదాపు అన్నీ అతనివే. ఫు మాంచుని వదిలింది 2001లో. అంటే సోలో ఆల్బమ్ వచ్చాకా రెండేళ్లు బ్యాండులో ఉన్నాడు. ‘సొంతంగా చేస్తా’ అని ముందే రాజీనామా చేసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇక పనిలోకి దిగుదాం. మెట్రోనోమ్ 72. హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట పళ్లేలు) మీద వన్-అండ్-టూ-అండ్ అంటూ ఫోర్ దాకా ఎనిమిది దెబ్బలు, అదొక బార్. హైహ్యాట్ పూర్తిగా మూయకండి, పళ్లేలు ఒకదానికొకటి ఆనీ ఆననట్టు ఉండాలి. స్నేర్ టూ మీద, ఫోర్ మీద. మొదటి బార్‌లో కిక్ వన్ మీద, త్రీ మీద, త్రీ తర్వాతి అండ్ మీద. రెండో బార్‌లో త్రీ మీద కిక్ తీసేయండి. వన్ ఉంటుంది, త్రీ తర్వాతి అండ్ ఉంటుంది, మధ్యలో ఒక గుంట. పాటకి ఊపొచ్చేది ఆ గుంటలోంచే. ఈ రెండు బార్లనే మూడు నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఫిల్స్ (మధ్యలో అలంకారంగా కొట్టే దెబ్బలు) వద్దు. నాలుగు బార్లకోసారి టామ్‌ల మీద దొర్లుకుంటూ రావడం మనలో చాలామందికి అలవాటైపోయింది. ఎవరూ అడగకపోయినా కొడుతూనే ఉంటాం.

రెండోది బేస్. రికార్డింగ్ చెవిలో పెట్టుకుని, కిక్ పడ్డచోటే, ఒకే స్వరం. కిక్ లేనిచోట వేలు కదలకూడదు. ఇక్కడ ఒక చిన్న కిటుకుంది. స్వరం మోగుతూ ఉండగా స్నేర్ వచ్చే క్షణానికి అరచేతి అంచు తీగల మీద ఆనించి శబ్దం ఆపేయండి. స్నేర్ ఒక్కసారిగా పెద్దదైనట్టు వినిపిస్తుంది. డ్రమ్స్‌లో మీరేమీ మార్చలేదు, దాని దారికి అడ్డు తీశారంతే. స్నేర్ వెళ్లాక మళ్లీ మోగనివ్వొచ్చా అంటే, కిక్ ఉంటేనే. ఎక్కడ ఆపాలో డ్రమ్మరుకి ముందే తెలుసు కాబట్టి, కొత్తగా బేస్ పట్టినా మీకిది తొందరగానే వస్తుంది.

మూడోది గిటార్. ఆరు తీగల్నీ నాలుగు ఫ్రెట్ల (గిటార్ మెడ మీది అడ్డ కడ్డీల) దూరం కిందికి దించాలి. ట్యూనర్ యాప్‌లో లావు తీగ నుంచి వరసగా సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, జి, సి అని చూపించాలి. కైయస్ గిటారిస్టు జాష్ హామీ ఇలాగే దించి, పైగా బేస్ ఆంప్లిఫయర్లలోంచి వాయించేవాడు. ఆ బ్యాండ్ శబ్దం అంత బరువుగా ఉండటానికి ఇదొక కారణం. మామూలు సన్న తీగలు ఇంత దించితే వేలాడిపోతాయి, ఫ్రెట్లకి తగిలి గిలగిలమంటాయి. 12 సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) గానీ అంతకన్నా లావైనవి గానీ వేయించుకోండి. బేస్ కూడా అంతే దించుకుంటే రెండూ ఒకే శ్రుతిలో కలుస్తాయి.

కుడిచేతి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. హైహ్యాట్ మీద తిరిగిన చెయ్యే తీగల మీదా తిరగాలి: వన్‌కి కిందికి, అండ్‌కి పైకి. తగిలించకపోయినా చెయ్యి గాల్లో ఆడుతూనే ఉండాలి, ఆగిందంటే లయ తప్పుతుంది. ముందు ఎడమచెయ్యి పెట్టకుండా లావు తీగ ఒక్కటే, కిక్ లెక్క ప్రకారం. అది కుదిరాక మొదటి బార్ చివర మూడో ఫ్రెట్, రెండో బార్ చివర ఐదో ఫ్రెట్ కలపండి. ఫోర్ మీద స్నేర్‌ని ఒంటరిగా వదిలేయండి. రిఫ్, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరాల వరస, తయారైంది. గిటారిస్టు ఎవరైనా ఇంత తక్కువ స్వరాలతో ఊరుకోడు. అదే మనకి కలిసొచ్చేది.

బ్యోర్క్ తర్వాతి దారి టూకీగా. సొంతంగా డూనా రికార్డ్స్ అనే లేబుల్ పెట్టుకున్నాడు. ఒకసారి ఒంటరిగా, ఒకసారి బ్యాండ్‌తో వరసగా ఆల్బమ్‌లు తెచ్చాడు. 2010లో పాత మిత్రులతో కైయస్ లివ్స్ పేరిట మళ్లీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. పేరు విషయం కోర్టుదాకా వెళ్లింది, బ్యాండ్ పేరు విస్టా చీనో అయ్యింది, 2013లో ఆ కొత్త పేరు మీదే బ్యాండ్ ఒక ఆల్బమ్ తెచ్చింది. తర్వాత మళ్లీ గిటార్, మళ్లీ సొంత పాటలు. అతని సోలో పాటల్లో ఒకటి పెట్టుకుని, గిటార్‌ని పట్టించుకోకుండా కిక్‌ని మాత్రమే వెంబడిస్తూ ఒకసారి వినండి. రిఫ్ కిక్‌తో ఎక్కడ కలుస్తోందో, ఎక్కడ దాన్ని వదిలి పక్కకి తప్పుకుంటోందో కాగితం మీద గీతలుగా గీయండి.

ఇంటిపని: మూడు నిమిషాల డ్రమ్స్, దాని మీద బేస్, దాని మీద రిఫ్. మూడూ కలిపి విని, ఎక్కడైనా విసుగనిపిస్తే కొత్తగా ఏదీ చేర్చకండి. ఎనిమిది బార్లపాటు బేస్ తీసేసి మళ్లీ తీసుకురండి. అప్పటికీ కుదరకపోతే మెట్రోనోమ్ ఇంకో రెండు అంకెలు దించండి. గొంతు సంగతి ఆరో పాఠంలో. అప్పటిదాకా గిటారులో లావు తీగలు రెండు చాలు, మిగతా నాలుగింటి జోలికి పోకండి.