కాలిపర్ కొనే ముందు నిపుల్ విప్పి చూడండి

నా కారు ఎడమ ముందు చక్రం ఒకసారి నన్ను బాగా ఏడిపించింది. బ్రేకు మీంచి కాలు తీసినా చక్రం వదిలేది కాదు. మెకానిక్ చూసి, చక్రంతో తిరిగే డిస్క్‌ని రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కి పట్టే కాలిపర్ జామ్ అయిందన్నాడు, కొత్తది వేశాడు. పది రోజులు తిరక్కుండానే మళ్ళీ అదే వాసన, అదే వేడి. ఈసారి ఇంటి ముందే చక్రం ఊడదీసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే కాలిపర్‌కి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ లోపల పూడుకుపోయింది. ఏ పాపమూ ఎరగని పాత కాలిపర్‌ని పారేశాం. అప్పట్నుంచి, ఎక్కడ పట్టేస్తోందో తేలేదాకా ఏ పార్టూ కొనడం లేదు.

అనుమానం రావడానికి చాలా దారులున్నాయి. మైలేజీ పడిపోతుంది, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది, న్యూట్రల్‌లో కారు మునుపటిలా దొర్లదు. నాకు మాత్రం మొదట కంటపడింది నల్లపొడి. కుడి చక్రం మామూలుగా ఉంటే ఎడమది మసిబొగ్గులా తయారైంది. ఇలా ఉన్నప్పుడు పదిహేను నిమిషాలు కారు నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ ఆపండి. దిగి రెండు ముందు చక్రాల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి చూడండి. తాకొద్దు, పట్టేసిన డిస్క్ చర్మం ఊడిపోయేంత కాలుతుంది. ఎడమని కుడితోనే పోల్చాలి, ముందుదాన్ని వెనకదానితో కాదు. బ్రేకు పని ఎక్కువగా ముందు చక్రాలదే కాబట్టి అవి కాస్త వేడిగా ఉండడం మామూలే. రెండు ముందు చక్రాలూ ఒకేలా మాడుతుంటే గొడవ చక్రాల దగ్గర లేదు. పెడల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ సంగతేమిటో చూసుకోవాలి.

కారు ఎత్తడానికి గట్టి, సమమైన నేల కావాలి. ఎత్తని చక్రాలకి అడ్డు పెట్టండి, వీల్ నట్లు నేల మీదుండగానే కొంచెం వదులు చెయ్యండి, జాకీతో ఎత్తాక స్టాండ్ మీద దింపండి. ఒట్టి జాకీ మీదున్న కారు కింద చెయ్యి కూడా పెట్టకండి. ఇటుకలు పెట్టే అలవాటుంటే ఇవాళ్టితో మానేయండి.

డిస్క్ చల్లారాక చూస్తే చక్రం హాయిగా తిరుగుతూ మనల్ని వెక్కిరించవచ్చు. అలాంటప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి బ్రేకు నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి వదలండి. ఇంజన్ ఆపి గేరు న్యూట్రల్‌లో పెట్టి చేత్తో తిప్పండి. ప్యాడ్లు రాసుకునే సన్నటి చప్పుడు పరవాలేదు, రెండు చేతులతో తిప్పినా మొరాయిస్తే మాత్రం పట్టేసినట్టే.

ఇప్పుడు కాలిపర్ వెనక రబ్బరు టోపీ పెట్టుకుని ఉండే బ్లీడర్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సంగతి చూద్దాం. దానికి సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో పెట్టండి. రింగ్ స్పానర్‌తోనే విప్పాలి, ఓపెన్ స్పానర్‌తో అంచులు అరిగిపోతాయి. తుప్పుపట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. బలవంతం చేస్తే నిపుల్ లోపలే విరుగుతుంది, అప్పుడు నిజంగానే కొత్త కాలిపర్ కొనాల్సొస్తుంది. సగం చుట్టు విప్పగానే ఆయిల్ చిమ్మి, చక్రం ఒక్కసారిగా వదులైందా? అయితే కాలిపర్ లోపల ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ తప్పు లేదు. ఆయిల్ వెనక్కి పోలేక లోపలే ప్రెషర్ నిలిచిపోయింది. నిపుల్ విప్పినా చక్రం కదలకపోతే పిస్టనో, కాలిపర్ జారడానికి ఉండే స్లైడ్ పిన్నులో, ప్యాడ్లో బిగుసుకున్నాయి.

ప్రెషర్ నిలిచిపోతోందని తేలితే నిపుల్ బిగించి, మళ్ళీ బ్రేకు తొక్కి చక్రం పట్టేసేలా చెయ్యండి. ఈసారి హోస్ ఇనుప పైపుతో కలిసే చోట నట్టు కొద్దిగా వదులు చెయ్యండి. అక్కడ విప్పితే చక్రం వదిలిందంటే అడ్డు ఇంకా పైన, మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. అక్కడ వదలక, నిపుల్ దగ్గర మాత్రమే వదిలితే దొంగ హోసే. మన కాలి బలానికి ఆయిల్ ఎలాగో దూరి వెళ్ళిపోతుంది. తిరిగి రావడానికి అంత తోపు ఉండదు, లోపల ఉబ్బిన రబ్బరు పొర తలుపులా మూసుకుంటుంది. నా హోస్ బయటికి కొత్తదానిలా నిగనిగలాడుతోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. మారిస్తే రెండు పక్కలా మార్చండి, రెండూ ఒకే వయసువి కదా.

నిపుల్ విప్పినా చక్రం వదలని కేసయితే కాలిపర్ బోల్టులు విప్పి దాన్ని పక్కకి తియ్యండి. తీగతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కి వేలాడదీయాలి, హోస్ మీద వేలాడనివ్వొద్దు. ప్యాడ్లని పక్కపక్కనే పెట్టి చూస్తే అవే కథ చెప్తాయి. లోపలిది బాగా అరిగి బయటిది దళసరిగా ఉంటే పిస్టనో, స్లైడ్ పిన్నులో కదలడం లేదు. ఒక్కో ప్యాడ్ ఏటవాలుగా అరిగితే రెండు పిన్నుల్లో ఒకటి మొండికేసిందని అనుమానించండి. పిన్ను చేత్తో లాగితే మెత్తగా జారాలి, లోపలికి నొక్కితే గాలికి కాస్త వెనక్కి తోసినట్టుండాలి. ఎండిపోయి ఉంటే బయటికి తీసి తుడిచి, పిన్ను, రంధ్రం రెండూ శుభ్రం చేసి, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు పెట్రోలియం గ్రీజుకి పిన్నుల మీది రబ్బరు బూట్లు (తొడుగులు) ఉబ్బిపోతాయి, కొన్నాళ్ళకే మళ్ళీ పట్టేస్తుంది. అలాగని గ్రీజు కూరేయకండి, గాలి బయటికి పోయే దారి లేక పిన్ను లోపలికి దిగదు. కొన్ని కార్లలో ఒక పిన్నుకే కొసన రబ్బరు ఉంటుంది, అది ఏ రంధ్రంలోదో విప్పేముందే ఫొటో తీసుకోండి.

అందరూ వదిలేసేది ప్యాడ్ చెవులు (రెండు కొసలా పొడుచుకొచ్చిన భాగాలు) కూర్చునే గాడి. అక్కడి స్టీల్ క్లిప్ కింద తుప్పు పేరుకుని క్లిప్‌ని పైకి లేపుతుంది, గాడి ఇరుకై ప్యాడ్ ఇరుక్కుంటుంది. క్లిప్ తీసి, కింద లోహం మెరిసేదాకా ఆకురాయితో గీకండి. ప్యాడ్ వేలితో తోస్తే జరగాలి. సుత్తితో కొట్టి దింపాల్సి వస్తే అది కూర్చున్నట్టు కాదు, ఇరుక్కున్నట్టు. గీకేటప్పుడు వచ్చే పొడిని నోటితో ఊదకండి. మాస్క్ పెట్టుకుని బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

ఇక పిస్టన్. పాత ప్యాడ్ అడ్డుపెట్టి సీ క్లాంప్‌తో నెమ్మదిగా నొక్కండి. బానెట్ కింద ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగకుండా ఒక కన్నేసి ఉంచండి, పెయింట్ మీద పడిందంటే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడిగెయ్యాలి. పిస్టన్‌ని వెనక్కి లాగేది ఏ స్ప్రింగూ కాదు, చుట్టూ ఉన్న నలుచదరపు కోత రబ్బరు సీలు. బ్రేకు తొక్కితే అది కొద్దిగా వంగుతుంది, వదలగానే తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. పిస్టన్ మీది డస్ట్ బూటు (దుమ్ము ఆపే రబ్బరు తొడుగు) చిరిగి తడి చేరిందా, పిస్టన్ మీద తుప్పు గుంటలు పడతాయి, సీలు వాటి మీద జారలేదు. అలాంటి పిస్టన్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్ళీ వేసుకోవడం బుద్ధితక్కువ పని, నేనూ ఒకసారి చేశాను. పిస్టన్‌ని పూర్తిగా బయటికి తీయాలంటే చెక్క అడ్డుపెట్టి పెడల్ తొక్కి నెట్టించండి. ఎయిర్ కంప్రెసర్ వాడొద్దు, పిస్టన్ తూటాలా వస్తుంది. సీలూ బూటూ కిట్ దొరుకుతుంది, తాజా బ్రేక్ ఆయిల్ పూసి కూర్చోబెట్టండి. పిస్టన్ కూర్చునే సిలిండర్ లోపలే గీతలు పడుంటే అప్పుడు కొత్త కాలిపర్ కొనండి, నేను ఆపను. వెనక కాలిపర్లలో చాలావాటి పిస్టన్ తిప్పుతూ దింపాలి, క్లాంప్‌తో నొక్కితే విరగొచ్చు. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టేదాకా దాన్ని ముట్టుకోకండి.

హోసో కాలిపరో విప్పారంటే ఆయిల్‌లో చేరిన గాలి తీయాల్సిందే. ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉన్న డాట్ గ్రేడ్ (బ్రేక్ ఆయిల్ రకం) ఆయిలే పొయ్యండి. ఈ ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తదానికి కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు, తడి పట్టాక 155కి దిగొచ్చు. మాడిపోతున్న చక్రం దగ్గర అది మరిగితే పెడల్ దూదిలా దిగిపోతుంది. మా అమ్మాయి సీట్లో కూర్చుని, ‘నాన్నా, తొక్కాను’ అంటే నేను నిపుల్ విప్పుతాను. ‘కింద తగిలింది’ అనగానే బిగిస్తాను. ఆ తర్వాతే ‘వదులు’ అంటాను. ఈ వరస తప్పితే గాలి మళ్ళీ లోపలికే వెళ్తుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండాలి.

నట్లూ బోల్టులూ మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారం బిగించండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఒకసారి ఇది మరిచిపోయి రివర్స్ చేశాను, పెడల్ నేలకి తగిలింది, హ్యాండ్‌బ్రేక్ లాగేసరికి గోడకి జానెడు దూరంలో ఆగింది. ఆ తర్వాత మళ్ళీ పదిహేను నిమిషాలు తిప్పి, రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. మర్నాడు పొద్దున్న నిపుల్ చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి, రబ్బరు టోపీ పెట్టెయ్యండి.