క్యాంపస్ బడి – నాలుగో పాఠం: మొదటి మాట ఎక్కడ దొరుకుతుంది

క్యాంపస్ బడి అంటే, మన క్యాంపస్‌లో పనిచేసే, చదువు రాని అక్కలకు, అన్నలకు స్టూడెంట్ వాలంటీర్లు చదవడం, రాయడం నేర్పడం. పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీ క్యాంపస్‌లో మెస్, హాస్టల్, తోట, గేటు దగ్గర పనిచేసే పదిమందితో కూర్చుని, ఎవరికి ఏ వేళ ఖాళీ ఉంటుందో కాగితం మీద రాసుకొమ్మన్నాను. రాసుకున్నవాళ్లకు ఒక సంగతి తెలిసిపోయి ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలు స్టూడెంట్లకు వీలైన వేళ. మెస్ అక్కలకు అది చపాతీలు ఒత్తే వేళ. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయిపోయాక, రెండున్నర నుంచి నాలుగు దాకా వాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. స్వీపర్లు పొద్దున్నే వచ్చి, పని అయిపోగానే ఊరి బస్సు పట్టుకుంటారు. వాచ్‌మన్ అన్నలకు షిఫ్ట్ మారుతూ ఉంటుంది.

కాబట్టి అందరికీ కలిపి ఒకే క్లాసు అనే ఆలోచన వదిలేయండి. ముగ్గురు, నలుగురు చొప్పున చిన్న జట్లు చేయండి. ఒక్కో జట్టుకు ఇద్దరు వాలంటీర్లు ఉండాలి. ఒకరికి ఇంటర్నల్ పరీక్ష ఉంటే ఇంకొకరు వస్తారు. సెమిస్టర్ పరీక్షలని మనం మూడు వారాలు కనిపించకపోతే, తిరిగి వచ్చేసరికి అక్కలు ఎవరూ ఉండరు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. పనిలో ఒళ్లు అలిసిపోయాక కూడా కూర్చున్నది మనం వస్తామన్న నమ్మకంతోనే కదా.

ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం)లో ఉన్నవాళ్లకు ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది. రోజుకు 45 నిమిషాల లెక్కన అది 160 క్లాసులు. వారానికి మూడు రోజులు పెట్టుకుంటే ఏడాది నిండా సరిపోతుంది. మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో ముందే మాట్లాడి, ఈ క్లాసులు ఆ గంటల్లో చేరేలా చూసుకోండి.

ఇక ఈ పాఠంలోకి వద్దాం.

మహబూబ్‌నగర్‌లో మన పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2011లో జనాభా లెక్కలు తీసినప్పుడు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో అక్షరాస్యత 55.04 శాతం. ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు. ఈ రోజు మీ హాస్టల్ మెట్లు ఊడ్చే అక్క ఆ లెక్కల్లో ఉంది. చిన్నప్పుడు అమ్మానాన్నలతో బొంబాయికో పూణేకో వలస పోయి, మట్టిపని దగ్గర తమ్ముణ్ని ఎత్తుకుని కూర్చున్న పిల్ల అయి ఉండొచ్చు. "ఎందుకు చదువుకోలేదక్కా" అని మొదటి రోజు అడగకండి. చెప్పాలనిపించినప్పుడు ఆమే చెబుతుంది.

ముందు పేరు

ఏం నేర్చుకుంటారని అడిగితే చాలామంది సంతకం అంటారు. జీతం రిజిస్టర్ దగ్గర వేలు సిరాలో అద్ది, ముద్ర వేసి, ఆ సిరాను ఎవరూ చూడకుండా కొంగుకు తుడుచుకునే బాధ వాళ్లది. అందుకే పేరుతోనే మొదలుపెట్టండి. అయితే ఇందులో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి.

మొదటి ఏడాది ఒక అక్కకు రెండు వారాల్లో సంతకం నేర్పాను. ఆమె రిజిస్టర్‌లో పేరు రాసిన రోజు మా ఇద్దరికీ కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాతి వారం పేపర్లో ఒక అక్షరం చూపించి ఇదేంటక్కా అంటే, తెల్వదు బిడ్డా అంది. అది ఆమె పేరులో మొదటి అక్షరమే. పేరు మొత్తాన్ని ఒక ముగ్గులాగా చేతికి నేర్పాను, కంటికి నేర్పలేదు. ఆ ముగ్గులో ఏ గీత ఎందుకుందో ఆమెకు తెలియదు.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. పేరును అట్టముక్క మీద పెద్దగా రాస్తాను. ఆమె ముందే కత్తెరతో అక్షరానికి ఒక ముక్కగా కత్తిరిస్తాను. ముక్కలు కలగాపులగం చేసి, మళ్లీ పేర్చమంటాను. పేర్చాక వేలు పెట్టి పలకమంటాను. రాయడం ఆ తర్వాతే.

మన ప్రాంతంలో దీనికి ఒక వీలు ఉంది. బాలమ్మ, ఎల్లమ్మ, సాయమ్మ, చెన్నమ్మ – నలుగురి పేర్లు ఒకదాని కింద ఒకటి, చివరి అక్షరం కలిసేలా పెట్టండి. ఏమీ చెప్పకండి. కాసేపటికి ఎవరో ఒకరు "గిది మా అందరికీ ఉంది" అని "మ్మ" మీద వేలు పెడతారు. వత్తులు ఎప్పుడో చివర చెప్పాలని పుస్తకాల్లో ఉంటుంది. మన అక్కల పేర్లలో వత్తు మొదటి రోజే వచ్చి కూర్చుంటుంది. భయపడకుండా దాన్ని ఒకే ముక్కగా ఉంచండి, విడగొట్టి చెప్పడం మూడో నెలలో చూసుకోవచ్చు. మగవాళ్ల జట్టయితే "య్య" అదే పని చేస్తుంది. బాలమ్మ, బాలయ్య పక్కపక్కన పెడితే మొదటి రెండు ముక్కలు ఒకటే, చివరిది మారితే మనిషే మారిపోయాడని వాళ్లే పట్టుకుంటారు. అక్షరం మారితే మాట మారుతుందన్న సంగతి ఇక మీరు చెప్పక్కర్లేదు.

పని మాటలు

పేరు తర్వాత అ ఆ ఇ ఈ మొదలుపెట్టాలని చేయి లాగుతుంది. మనం అలాగే నేర్చుకున్నాం కదా. కానీ 56 అక్షరాలు వరసగా అప్పజెప్పేసరికి నాలుగు నెలలు గడుస్తాయి, అప్పటికి ఆమె చదవగలిగిన మాట ఒక్కటీ ఉండదు. పిల్లలకు అంత ఓపిక ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు వేరే పని లేదు. ఈమెకు నాలుగింటికి కూరగాయలు తరగాలి.

1963లో బ్రెజిల్‌లోని అంజికోస్ అనే ఊళ్లో పావులో ఫ్రేరే అనే విద్యావేత్త దాదాపు 300 మంది కూలీలకు, వాళ్లు రోజూ పనిలో వాడే మాటలతోనే 40 గంటల్లో చదవడం నేర్పించారు. మన లిపికి గుణింతాలు, వత్తులు ఉన్నాయి కాబట్టి ఆ 40 గంటల లెక్క మనం పెట్టుకోవద్దు. పద్ధతి మాత్రం మన లిపికి బాగా అతుకుతుంది. ఎలాగో మెస్ స్టోర్ రూమ్‌లోకి వెళ్లి చూద్దాం.

అక్కడ డబ్బాల మీద ఏముంటాయి? బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, కారం, పసుపు. మొదటి మూడింటిలో వత్తులున్నాయి, పక్కన పెట్టండి. కారం, పసుపు తీసుకోండి. ఈ రెండు మాటల్లో ఉన్నవి నాలుగే హల్లులు: క, ర, ప, స. గుర్తులు మూడు: దీర్ఘం, కొమ్ము, సున్న. ఇప్పుడు వీటితోనే ఇంకా ఏ మాటలు వస్తాయో చూడండి. సరుకు. పార. పాప. సారు. కారు. కాకర. పరుపు. పాకం. రాక. పాపం. రెండు డబ్బాల మీది మాటలు నేర్చుకున్న మనిషి, ఎవరూ చెప్పకుండానే ఇంకో పది మాటలు చదువుతుంది. ఆ పది మాటలు మీరు చదివి వినిపించకండి. ముక్కలు ముందు పెట్టి ఊరుకోండి. "సరుకు" అని ఆమె తనంతట తాను కూడబలుక్కుని చదివినప్పుడు ముఖం చూడండి. నేను ఈ పని ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం ఆ ముఖమే.

రెండు చిక్కులు వస్తాయి, ముందే తెలుసుకుని వెళ్లండి. "సు"లో కొమ్ము అక్షరం పక్కన నిలబడుతుంది, "పు"లో కింది నుంచి వస్తుంది. పెద్దవాళ్ల కన్ను చురుకైనది, "గిదెందుకు అట్లున్నది" అని తప్పకుండా అడుగుతారు. నిజం చెప్పండి: "వ" పక్కన పైన కొమ్ము తగిలిస్తే "మ"లాగా కనబడుతుంది, అందుకని "ప", "వ"లకు కింద పెడతారు. రెండోది తలకట్టు. దీర్ఘం వస్తే తలకట్టు పోతుంది, కొమ్ము వస్తే ఉండిపోతుంది. "కా", "కు" పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

ఒకదానిలాగా ఒకటి ఉండే అక్షరాలను ఒకే వారంలో తేకండి. ప, ష, ఫ ఒక గుంపు. ద, ధ, థ ఒక గుంపు. వ, మ ఒక జత. న, స ఒక జత. ఒకటి గట్టిపడ్డాకే దాని తోబుట్టువును పరిచయం చేయాలి.

గేటు దగ్గరి అన్నకు కారం, పసుపు పనికిరావు. ఆయన మాటలు గేటు, తాళం, రాక, పోక, లోపల, బయట. వచ్చిన బండి నంబర్ రిజిస్టర్‌లో రాయాలంటే ఆయనకు ముందు కావలసింది అంకెలు, ఆపైన కొన్ని ఇంగ్లీషు అక్షరాలు. మన మహబూబ్‌నగర్ జిల్లా కొత్త బండ్ల మీద టీజీ 06 ఉంటుంది. తెలంగాణ వచ్చాక, 2024 మార్చికి ముందు కొన్నవాటి మీద టీఎస్ 06 ఉంటుంది. తెలుగు పూర్తయ్యాకే ఇంగ్లీషు అని పట్టుబట్టకండి. ఆయన అడిగింది ఆయనకు ఇవ్వండి.

తండాల నుంచి వచ్చేవాళ్లుంటే ఇంకొంచెం ఆలోచించాలి. ఇంట్లో లంబాడీ మాట్లాడే అక్కకు తెలుగు అక్షరాలతో పాటు తెలుగు మాటలు కూడా కొన్ని కొత్తవే. ఆమె జట్టులో మొదటి మాట "యాడి" పెట్టండి. లంబాడీలో అమ్మ అని. తెలుగు "అమ్మ"లో వత్తు ఉంది, "యాడి"లో లేదు. తన ఇంటి మాట కాగితం మీద కనిపిస్తే ఆమె కూర్చునే తీరే మారుతుంది.

బస్సు బోర్డులు

సాయంత్రం బస్టాండ్‌లో పక్కవాళ్లను అడగకుండా బస్సెక్కాలని చాలామందికి ఆశ. ఇక్కడ మనం ఒక తప్పు చేస్తాం, పొట్టి పేరు సులువనుకుంటాం. జడ్చర్ల చూడటానికి చిన్నదే, కానీ రెండు వత్తులు. నారాయణపేట ఆరు అక్షరాలు, ఒక్క వత్తూ లేదు. కాబట్టి నారాయణపేట ముందు, తర్వాత ఒకే వత్తున్న దేవరకద్ర, ఆ తర్వాత జడ్చర్ల. మీది నల్లగొండ వైపు క్యాంపస్ అయితే, అక్కడి బోర్డులను ఇదే పద్ధతిలో మీరే వరస పెట్టుకోండి.

క్లాసులో

మొదటి ఐదు నిమిషాలు మామూలు మాటలు. ఆ మాటల్లోంచే రేపటి పాఠానికి మాట దొరుకుతుంది, చెవి అక్కడ పెట్టండి. నిన్నటి ముక్కలు పేర్చడం, కొత్త మాట ఒకటి, రాయడం కాసేపు. చివర ఆ రోజు వచ్చిన మాటలు ఒకసారి చదవడం.

పలక ఇవ్వకండి, అది పిల్లల వస్తువని కొందరు నొచ్చుకుంటారు. నోట్‌బుక్, పెన్ను ఇవ్వండి. మీ అమ్మ వయసు ఆవిడను పేరు పెట్టి పిలవకండి, అక్కా అనో అమ్మా అనో పిలిచి "మీరు" అనండి. వాళ్లు మిమ్మల్ని బిడ్డా అంటే సంతోషంగా పలకండి, సారూ అంటే వద్దని చెప్పండి. అందరి ముందు ఒక్కరినే లేపి చదవమనకండి. తప్పు చదివితే "తప్పు" అనే మాట నోటి నుంచి రాకూడదు, ఆ ముక్క మీద మళ్లీ వేలు పెడితే చాలు.

కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తున్నారంటే దగ్గరి చూపు తగ్గిందని అర్థం. నలభై దాటాక ఇది అందరికీ వచ్చేదే. అయినా చాలామంది తమకు చదువు ఎక్కదని అనుకుని మానేస్తారు. 2018లోనూ 2023లోనూ ప్రభుత్వ కంటి వెలుగు శిబిరాల్లో ఇచ్చిన అద్దాలు కొందరి ఇళ్లలో పెట్టెలో ఉండొచ్చు. తెచ్చుకొమ్మనండి. లేనివాళ్లను ముందు కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి, ఆ తర్వాతే పాఠం.

ఈ వారం మీ పని

మీ జట్టు పనిచేసే చోటికి వెళ్లి, వాళ్లు రోజూ పలికే మాటలు ఇరవై రాసుకోండి. వత్తులున్నవి కొట్టేయండి. మిగిలినవాటిలోంచి రెండు మాటలు ఎంచుకోండి. రెండింటిలో కలిపి హల్లులు నాలుగు దాటకూడదు, ఒకేలా కనబడే అక్షరాలు ఉండకూడదు. ఆ అక్షరాలతో ఇంకా ఎన్ని మాటలు వస్తాయో పేర్చి చూడండి. ఆరు కన్నా తక్కువ వస్తే జత మార్చండి. నాకు తోట పనివాళ్ల జట్టుకు సరైన జత దొరకడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

వచ్చే పాఠం జీతం స్లిప్ మీద. అందులో పీఎఫ్ కింద 12 శాతం, ఈఎస్ఐ కింద 0.75 శాతం ఎక్కడ కోత పడుతుందో అంకెలతో నేర్పుదాం. జట్టులో ఎవరైనా ఇష్టంగా ఇస్తే పాత స్లిప్ ఒకటి తీసుకుని, పేరు, నంబర్లు నల్లగా కొట్టేసి దగ్గర ఉంచుకోండి.