వానల్లో రామప్ప వైపు సైకిల్ తీసే ముందు

తొలకరి పడి మొరం బాటలు తడవగానే హనుమకొండలో సైకిల్ తొక్కేవాళ్ళందరికీ రామప్ప గుర్తొస్తుంది. సుమారు 70 కిలోమీటర్లు. ములుగు వరకు హైవే, అక్కడి నుంచి ఊళ్ళ మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట, గుడి చూసుకుని చెరువు కట్ట, ఇంకా ఓపిక ఉంటే ఘనపురం కోటగుళ్ళు. ఒక పక్క పచ్చటి గుట్టలు, ఇంకో పక్క నాట్లు వేస్తున్న పొలాలు, మధ్యలో ఎర్రటి బాట. మట్టి బాటల కోసమే చేసిన గ్రావెల్ సైకిల్ కొన్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? నేనూ ఏడాదంతా ఎదురుచూసేది ఈ రైడ్ కోసమే. అయితే కొత్తగా వచ్చేవాళ్ళు గుట్టల ఎత్తు చూసి టెన్షన్ పడతారు. ఎత్తుదేముంది, దిగి తోసుకుంటూ పోవచ్చు. ఇక్కడ భయపడాల్సింది నీళ్ళకి.

మన దగ్గర చెరువులు ఒక్కొక్కటిగా లేవు, గొలుసుకట్టుగా ఉన్నాయి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించిన కాలం నుంచీ ఈ నేల తీరు ఇదే. గుట్టల మధ్య కట్ట పోసి నీళ్ళు ఆపడం, నిండితే మత్తడి (అలుగు) మీదుగా వాగులోకి వదలడం, ఆ వాగు పోయి కింది చెరువును నింపడం. రైతుకు ఇది వరం. సైకిల్ మీద వచ్చేవాడికి మాత్రం ఇందులో ఒక ప్రమాదం ఉంది: వాన పడిన చోటు ఒకటి, వాగు పొంగే చోటు ఇంకొకటి. పైన రాత్రి కురిసిన వాన కింది వాగులోకి తెల్లారిన ఎన్నో గంటలకు రావచ్చు. అప్పటికి మీ నెత్తి మీద ఎండ కాస్తూ ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట నేనూ ఒక మిత్రుడూ అలాంటి ఎండలోనే ఒక లోలెవల్ వంతెన దగ్గర ఆగాం. వంతెన మీద నీళ్ళు పిక్కల దాకా ఉన్నట్టున్నాయి. షూ విప్పి, సైకిల్ భుజానికెత్తుకుని దాటేద్దామని మిత్రుడు సాక్సులు తీస్తున్నాడు. అక్కడే గొర్లు కాస్తున్న తాత ఒకాయన మా వైపు వచ్చాడు.

"ఎటు పోతున్నరు బిడ్డా?"

"అవతలి ఊరికి తాతా. నీళ్ళు తక్కువనే ఉన్నయి గదా."

"పైన చెరువు పొద్దుగాల్నే మత్తడి దుంకింది. ఆ నీళ్ళు ఇంకా రాలే. జరసేపు కూసోండ్రి, మీకే తెలుస్తది."

తన చేతికర్రతో కొలిచి, ఒక వేప పుల్లను నీటి అంచున బురదలో గుచ్చాడు. మేం బిస్కెట్లు తింటూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. మొదట నీళ్ళ రంగు మారింది, టీ రంగు నుంచి ఇటుక రంగుకి. తర్వాత కంప కొట్టుకొచ్చింది, దాని వెనక ఒక ప్లాస్టిక్ బిందె. ఇరవై నిమిషాలు కూడా కాలేదు, పుల్ల కనబడలేదు. మేం వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాం.

అప్పటి నుంచి వాగు అనుమానంగా ఉంటే నేనూ పుల్ల గుచ్చి చూస్తాను. పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అది చెప్తుంది. అంతేగానీ, తగ్గుతోంది కదా అని పారే నీళ్ళలో దిగను. అడుగు ఎత్తు కూడా లేని నీళ్ళు, ఆరంగుళాలే అయినా, జోరుగా పారుతుంటే మనిషి కాళ్ళు లాగేస్తాయి. పైగా లోలెవల్ వంతెన మీద పాచి ఉంటుంది, కింద కాంక్రీటు కొట్టుకుపోయిందో లేదో పైనుంచి కనబడదు. భుజాన సైకిల్ ఉంటే ఇంకా ప్రమాదం, తూలితే నిలదొక్కుకోవడం కష్టం. ట్రాక్టర్ దాటింది కదా అని ధైర్యం చేయకండి. ట్రాక్టర్ బరువు వేరు, మన బరువు వేరు.

ఇది ఎక్కువ చేసి చెప్పడం కాదు. 2023 జూలై చివరి వారంలో పాలంపేట ఉన్న వెంకటాపూర్ మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అదే వానకు మోరంచ వాగు పొంగి భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు మునిగింది. వాగు పక్కనే ఏళ్ళ తరబడి బతికిన ఊరివాళ్ళకే అంచనా అందలేదు. హైవే మీదే చూడండి, కటాక్షపూర్ చెరువు మత్తడి పడితే రోడ్డు మీదుగా నీళ్ళు పోయి బండ్లు ఆగిపోయిన రోజులున్నాయి. ఇక మొరం బాట సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి నా లెక్క ఇది. ములుగు, భూపాలపల్లి జిల్లాలకు వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఉంటే ఆ రోజు వెళ్ళను, మర్నాడు కూడా వెళ్ళను. మర్నాడే అసలు మత్తళ్ళు దుంకేది. బయల్దేరాక ప్రతి ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆగి "ముందు వాగు ఎట్లుంది?" అని అడుగుతాను. ఫోన్‌లో మ్యాప్ బాట ఉందని చెప్తుంది, ఆ బాట ఇవాళ నీళ్ళలో ఉందో లేదో ఊరివాళ్ళు చెప్తారు. సిగ్నల్ లేని చోట్లు ఉంటాయి కాబట్టి ఆ మ్యాప్ కూడా ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

చెరువు కట్ట మీద తొక్కడం అందరికీ ఇష్టం. వానల్లో కట్ట అంచు మెత్తబడి ఉంటుంది, గడ్డి కప్పేయడం వల్ల అంచు ఎక్కడో తెలియదు. మధ్యలోనే పోండి, ఫోటోల కోసం నీటి వైపు రాళ్ళ మీదికి దిగకండి. రామప్ప అయినా, లక్నవరం అయినా, పాఖాల అయినా చెమట పట్టిందని చెరువులో దిగొద్దు. అడుగున బురద, నాచు ఉంటాయి, ఈత వచ్చినవాళ్ళు కూడా చిక్కుకుంటారు.

ఇక నేల. ఎర్రమట్టి, మొరం తొందరగా ఆరతాయి. పత్తి చేల మధ్య నల్లరేగడి బాట మాత్రం తడిస్తే వదలదు. టైరుకు, ఫోర్కుకు మధ్య మన్ను ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. అప్పుడు బలవంతంగా పెడల్ తొక్కితే డిరైలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) విరగొచ్చు. దిగి, పుల్లతో మన్ను గీకి, సైకిల్ మోసుకుపోవడమే మార్గం. మీ సైకిల్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి బ్యాగులో ఉంచుకోండి, ములుగులో వెతికితే దొరకదు. నాట్ల కాలంలో ట్రాక్టర్లు పొలంలోంచి ఎక్కిన చోట తారు రోడ్డు మీద కూడా బురద సబ్బులా పరుచుకుని ఉంటుంది. మూల రాకముందే బ్రేక్ వేసి, తిరిగేటప్పుడు వదిలేయండి.

తుమ్మ ముల్లు గురించి ఎంత చెప్పినా తక్కువే. కంపలు కొట్టి బాట పక్కన పడేస్తారు, వానకు అవి బాట మీదికి వస్తాయి. ట్యూబ్‌లెస్ అయితే బయల్దేరే ముందు టైరులో పంక్చర్ పూడ్చే ద్రవం, అదే సీలెంట్, చూసుకోండి, ఎండాకాలం వేడికి ఎండిపోయి ఉంటుంది. 40 మి.మీ. టైరుకు, 70 కిలోల మనిషికి 30–35 పీఎస్ఐ చాలు. సన్న వాల్వ్ ఉన్నవాళ్ళు రూపాయల్లో వచ్చే ఇత్తడి అడాప్టర్ మరిచిపోవద్దు, అది లేకపోతే ఊళ్ళో పంక్చర్ షాపులో గాలి ఉండీ మనకు పనికిరాదు. తడి ఇసుకకు డిస్క్ బ్రేక్ ప్యాడ్లు ఒక్క రోజులోనే అరిగిపోగలవు. సగం అరిగినవి ఉంటే మార్చుకునే వెళ్ళండి.

మెరుపు కనబడి 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు దగ్గర్లో ఉన్నట్టే. చింతచెట్టు, తాటిచెట్టు కిందికి పోకుండా బడి గానీ, ఇల్లు గానీ చూసుకోండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

ఒక మాట గట్టిగా చెప్తాను: చీకట్లో గానీ, తెల్లవారుజామున గానీ చేలలోకి, అడవి అంచుకు అడ్డదారి పట్టొద్దు. అడవి పందుల కోసం కొందరు దొంగచాటుగా కరెంటు తీగలు పెడతారు. నేల తడిగా ఉంటే చెప్పక్కర్లేదు. మూత్రానికి ఆగినా బాట దిగకుండా ఆగండి. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి బాటలు ఎక్కొద్దు.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికే వెళ్ళండి. కుక్క కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా.

ఇంట్లోవాళ్ళకి దారి రాసిచ్చి వెళ్ళండి: ఏ ఊళ్ళ మీదుగా, ఎన్నింటికి తిరుగు ప్రయాణం. నేను మధ్యాహ్నం 12 పెట్టుకుంటాను. అప్పటికి కోటగుళ్ళు ఇంకా ఐదు కిలోమీటర్లే ఉన్నా సైకిల్ ఇంటి వైపు తిప్పుతాను.