పెల్లెట్ స్టవ్ పాఠాలు – 3: మంట చూసి గాలి సరిచేయడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? గ్లాసు నీళ్ళలో వేసిన నాలుగు పెల్లెట్లు (రంపపు పొట్టును ఒత్తి చేసిన ముక్కలు) కాసేపటికే ఉబ్బి, పొట్టుగా విడిపోయి ఉంటాయి. గరాజ్‌లో బస్తాలు తేమ తగిలే నేల మీద పెట్టొద్దని అన్నిసార్లు ఎందుకు చెప్పానో ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. ఈసారి స్టవ్ వెలిగించాక ఏం చూడాలో, ఏం తిప్పాలో నేర్చుకుందాం.

ముందు మన పొట్టు పొయ్యిని గుర్తు తెచ్చుకోండి. మా అమ్మమ్మ రేకు పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు దట్టంగా కూరి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి తీసేది. అడుగున ఉన్న కంతలోంచి గాలి వచ్చి, సీసా వదిలిన దారిలో మంట నిలువుగా లేచేది. పొట్టు వదులుగా కూరితే ఆ దారి పూడిపోయి ఇల్లంతా పొగ. ఇక్కడ అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో మా హాల్లో ఉన్న స్టవ్‌లో మండేదీ రంపపు పొట్టే, కాకపోతే గట్టిగా ఒత్తి పెన్సిల్ ముక్కల్లా చేసింది. గాలి దారి మూసుకుపోతే దీనికీ అదే గతి.

లోపల ఏం జరుగుతుందంటే, స్క్రూలా మెలితిరిగిన ఆగర్ పెల్లెట్లను కొద్దికొద్దిగా బర్న్ పాట్‌లోకి తోస్తుంది. అది చిల్లులున్న చిన్న ఇనుప గిన్నె. ఒక ఫ్యాన్ పొగను బయటికి లాగుతుంది. ఆ లాగుడుకే చిల్లుల్లోంచి గాలి మంటకు అందుతుంది. గదిలోకి వేడిగాలి తోలేది వేరే ఫ్యాన్. ఈ రెండో ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా మంటకు గాలి పెరగదు. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

నేను మొదటి చలికాలంలో ఇంకో పొరపాటు చేశాను. జనవరిలో ఒక రాత్రి ఇల్లు వెచ్చబడటం లేదని పెల్లెట్ల ఫీడ్‌ను, అంటే అవి గిన్నెలో పడే వేగాన్ని, 2 నుంచి 4కి పెంచాను. మంట పెద్దదైంది కానీ గదిలో చలి అలాగే ఉంది. తెల్లారేసరికి స్టవ్ తలుపు అద్దం నల్లగా మసిబారింది. చల్లారాక తలుపు తీస్తే, గిన్నె అడుగున బూడిద కరిగి బెల్లం పాకంలా గడ్డకట్టి సగం చిల్లుల్ని మూసేసింది. దాన్నే క్లింకర్ అంటారు. పెల్లెట్లలో బెరడు, ఇసుక ఎక్కువుంటే ఇది త్వరగా పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని పెకలించి, ఫీడ్ మళ్ళీ 2కి తెచ్చాను. ఆ సాయంత్రానికల్లా ఇల్లు వెచ్చగా ఉంది.

అందుకే చలిగా ఉందనిపిస్తే ముందు ఫీడ్ జోలికి వెళ్ళకండి. మంట దగ్గర కూర్చుని రెండు నిమిషాలు చూడండి. మంచి మంట పసుపు రంగులో, కాంతిగా, చురుగ్గా ఆడుతుంది. ముదురు నారింజ రంగులో, కొనలు నల్లబడి, బద్ధకంగా ఊగుతుంటే గాలి చాలడం లేదు. పొట్టిగా, తెల్లగా, బుస్సుమని లేస్తూ పెల్లెట్లు గిన్నెలోంచి ఎగిరి పడుతుంటే గాలి ఎక్కువైంది, వేడి పొగగొట్టం గుండా బయటికి పోతోంది. అద్దం కూడా చెబుతుంది: లేత బూడిద రంగు పొర మామూలే, నల్లటి మసి మాత్రం కాదు.

గాలి తక్కువనిపిస్తే ముందు శుభ్రం చేయాలి, డాంపర్ (మంటకు గాలి వెళ్ళే దారిని తెరిచి మూసే రేకు) సంగతి ఆ తర్వాత. స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారాక గిన్నె చిల్లులు గీకండి. వేడి గొట్టాల మధ్య పేరుకున్న బూడిద దులపండి. తలుపు సందులో డాలర్ నోటు పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేస్తే తలుపు చుట్టూ గాలి చొరకుండా ఉండే గ్యాస్కెట్ మార్చాలి. అప్పటికీ మంట బద్ధకంగానే ఉంటే డాంపర్ గోరు మందం తెరిచి, పావుగంట ఆగి చూడండి. కొన్ని మోడళ్ళలో డాంపర్‌కు బదులు కంట్రోల్ బోర్డులో సెట్టింగ్ ఉంటుంది, మాన్యువల్‌లో చూసుకోండి. గాలి, ఫీడ్ రెండూ ఒకేసారి మార్చారంటే దేనివల్ల ఏం మారిందో తెలియదు.

బూడిద విషయంలో మాత్రం నా మాట తప్పక వినండి. మూత ఉన్న ఇనుప బకెట్‌లోనే వేసి, ఇంటికి దూరంగా కాంక్రీటు మీద పెట్టండి. చెక్క డెక్ మీద, ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వద్దే వద్దు. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రోజుల తరబడి దాగి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం పనిచేస్తోందో లేదో ఈరోజే బటన్ నొక్కి చూడండి.

ఈ శ్రమకు దక్కేదేమిటో ఒక లెక్క. పౌను పెల్లెట్లలో సుమారు 8,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్లు) వేడి ఉంటుంది, అంటే 40 పౌన్ల బస్తాలో 3,20,000. స్టవ్ 80 శాతం సామర్థ్యంతో నడిస్తే 2,56,000 ఇంట్లోకి వస్తాయి. మసి పట్టి 65 శాతానికి పడిపోయిందనుకుంటే 2,08,000. రోజుకు బస్తా కాల్చే ఇంట్లో ఆ తేడా అయిదారు రోజులకే ఒక బస్తా మింగేస్తుంది.

ఈ వారం పని: మూడు రోజులు ఫీడ్ మార్చకుండా ఉంచి, రోజూ ఒకే సమయానికి మంట రంగు, అద్దం రంగు, కాల్చిన పెల్లెట్లు, గది ఉష్ణోగ్రత ఒక కాగితం మీద రాయండి. మంట ఫోటో కూడా తీసి పెట్టుకోండి. అన్నీ శుభ్రం చేశాక కూడా మంట బద్ధకంగానే ఉంటే తప్పు పొగగొట్టంలో ఉండొచ్చు. వచ్చే పాఠంలో దాన్నే విప్పి చూద్దాం, పాత బట్ట ఒకటి, గొట్టానికి సరిపడే బ్రష్ ఒకటి సిద్ధం చేసుకోండి.