పెద్దవారికి కృత్రిమ మేధను పరిచయం చేయడం ఎలా?

ఇంట్లోని పెద్దవారికి కృత్రిమ మేధను చూపించాలనుకునేవారు చాలావరకు దాని గొప్పలతోనే మొదలుపెడతారు. క్షణంలో కవిత రాయించి, బొమ్మ వేయించి చూపిస్తారు. పెద్దవారు “బాగుంది” అని ఫోను తిరిగి ఇచ్చేస్తారు, సంగతి అక్కడితో ముగిసిపోతుంది. నా అనుభవంలో ఫలించిన పద్ధతి వేరు. మీకంటే, ఆ యంత్రం కంటే వారికే బాగా తెలిసిన విషయం మీద మొదటి ప్రశ్న వారిచేతనే అడిగించాలి.

అంతకు ముందు ఫోనును వారి చేతికి తగినట్టు సిద్ధం చేయాలి. అక్షరాల పరిమాణం పెంచడం అందరికీ తోచేదే కానీ, అంతకంటే ఎక్కువ విసిగించేది వేలి స్పర్శ. వయసు పైబడిన కొద్దీ చర్మం పొడిబారుతుంది. టచ్ స్క్రీను వేలి విద్యుద్వాహకత మీద ఆధారపడి పనిచేస్తుంది కనుక, పొడి వేలిని ఒక్కోసారి గుర్తించదు. అప్పుడు వారు ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు నొక్కుతారు. ఫోనేమో దాన్ని వేరే ఆదేశంగా తీసుకుని అడగని మెనూ ఒకటి తెరుస్తుంది. తప్పు తమదేననుకుని వారు చేయి వెనక్కి తీసుకుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్లి, ఎంతసేపు నొక్కి ఉంచితే ఆ మెనూ రావాలో ఆ వ్యవధిని పెంచవచ్చు. ఐఫోనులోనూ స్పర్శను సవరించుకునే విభాగం ఉంది. ఈ మార్పులు వారి ఎదుటే చేయండి. ఫోనును మనిషికి తగ్గట్టు మార్చుకోవచ్చన్న సంగతి తెలిస్తేనే సగం బెరుకు పోతుంది.

నేను చెబుతున్నది ప్రశ్న అడిగితే మాటల్లో జవాబిచ్చే చాట్‌జీపీటీ వంటి యాప్‌ల గురించే. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న విడుదలైంది. జెమిని, క్లాడ్, కోపైలట్ వంటివి ఆ కోవలోవే. అయితే పెద్దవారికి ఈ చరిత్రతో పని లేదు, పనితీరు గురించి రెండు మాటలు చాలు. ఇది అపారమైన రాతలను చదివించి తయారుచేసిన యంత్రమనీ, ఒక మాట తర్వాత ఏ మాట వస్తే బాగుంటుందో అంచనా వేస్తూ జవాబు అల్లుతుందనీ చెప్పండి. అందుకే తెలిసినది చెప్పేటప్పుడూ తెలియనిది చెప్పేటప్పుడూ దాని గొంతులో తేడా ఉండదు.

ఈ చివరి సంగతి చెబితే అర్థం కాదు, కళ్లారా చూడాలి. మా పెద్దనాన్నగారు ఉద్యోగకాలమంతా తెలుగు బోధించారు. ఆయనచేత ఒక ఉత్పలమాల పద్యం అడిగించాను. చూడటానికి పద్యంలాగే ఉన్న నాలుగు పాదాలు వచ్చాయి. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, వేళ్లమీద గణాలు లెక్కపెట్టుకుంటూ రెండో పాదం దగ్గర ఆగారు. “భ, ర, న, భ, భ, ర, వ రావాలి కదా, ఇక్కడ రగణమేది? పదో అక్షరం దగ్గర యతి కూడా లేదే” అన్నారు. ఆ మాటే దానికి చెప్పమన్నాను. అది క్షమాపణ చెప్పుకుని, సరిచేశానంటూ ఇంకో పద్యం ఇచ్చింది. ఈసారి ప్రాస కూడా పోయింది. తీరా ఉత్పలమాల లక్షణాలు ఏమిటని అడిగితే తడుముకోకుండా సరిగ్గా చెప్పింది. “లక్షణం ఒప్పజెబుతుంది, పద్యం కట్టలేదు. ఇలాంటి పిల్లలు నాకు కొత్తా?” అని ఆయన నవ్వేశారు. ఆ రోజు నుంచి యంత్రం చెప్పినదానిని ఎంతవరకు నమ్మాలో నేను వేరుగా చెప్పవలసిన అవసరం రాలేదు. మీ ఇంట్లో పెద్దవారు బట్టలు కుట్టినవారైతే కొలతల గురించి, తోట పెంచేవారైతే అంటు కట్టడం గురించి అడిగించండి.

టైపు చేయడం కష్టమని నోటితో అడగడం నేర్పిస్తారు, మంచిదే. కానీ పెద్దవారు మాట మధ్యలో ఆగి ఆలోచిస్తారు. ఆ విరామాన్ని యంత్రం వాక్యం ముగిసినట్టుగా భావించి సగం ప్రశ్నకు జవాబు మొదలుపెడుతుంది. అందువల్ల నేరుగా సంభాషించే పద్ధతి కంటే, కీబోర్డు మీది మైకును నొక్కి మాట్లాడే పద్ధతినే మొదట నేర్పాలి. అందులో మాటలు అక్షరాలుగా పడతాయి, చదువుకుని దిద్దుకోవచ్చు, సరేననుకున్నాకే పంపవచ్చు. యంత్రాన్ని “నువ్వు” అనాలా “మీరు” అనాలా అని కొందరు నిజంగానే అడుగుతారు. వారికి ఏది తోస్తే అది. మా పెద్దనాన్నగారు ఇప్పటికీ “కాస్త చెప్పండి” అనే అడుగుతారు. మొదటి జవాబుతో ఆగనక్కర లేదని, “ఇంత పొడుగు వద్దు”, “ఈ మాట అర్థం కాలేదు”, “ఇంకోలా చెప్పండి” అని ఎన్నిసార్లయినా అడగవచ్చని, దానికి విసుగు రాదని మాత్రం చెప్పి తీరాలి. సొంత పిల్లలను రెండోసారి అడగడానికి మొహమాటపడేవారికి ఇది పెద్ద ఊరట.

రోజువారీ పనుల్లో కెమెరా అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మందు పెట్టెలోని సన్నని అక్షరాల కాగితాన్నో, అర్థం కాని భాషలో వచ్చిన ఉత్తరాన్నో ఫొటో తీసి “ఇందులో ఏముందో తెలుగులో చెప్పండి” అంటే చదివి చెబుతుంది. ఇక్కడ ఒక గీత గీయాలి: కాగితం మీద ఉన్నది చదివించుకోవచ్చు, మందు మోతాదు మార్చాలా మానాలా అన్నది మాత్రం వైద్యుడినే అడగాలి. అయితే డాక్టరును అడగవలసిన ప్రశ్నలను ముందుగా జాబితాగా రాయించుకోవడం చక్కటి ఉపయోగం. దరఖాస్తులు, ఉత్తరాల చిత్తుప్రతులకూ ఇది పనికొస్తుంది. బ్యాంకు ఖాతా వివరాలు, గుర్తింపు పత్రాల నంబర్లు, పాస్‌వర్డులు, ఓటీపీలు అందులో రాయకూడదు. ఫొటో తీసిన కాగితంలో అవి ఉంటే చేత్తో కప్పి తీయాలి.

మోసాల గురించి భయపెట్టకుండా, ఒక్క విషయం మాత్రం నొక్కి చెప్పండి. మనిషి గొంతును కొద్దిపాటి రికార్డింగు నుంచే అనుకరించగల సాధనాలు ఇప్పుడున్నాయి. మనవడి గొంతుతో ఫోను వచ్చి, ప్రమాదంలో ఉన్నాను, వెంటనే డబ్బు పంపు అంటే, ఆ ఫోను పెట్టేసి, తమ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు తామే చేయాలి. ఇంట్లోవారికే తెలిసిన గుర్తుమాట ఒకటి పెట్టుకుని, నెలకోసారి సరదాగా పరీక్షించుకుంటూ ఉంటే అవసరమైనప్పుడు గుర్తుకొస్తుంది.

ఒంటరిగా ఉండేవారు దానితో గంటలకొద్దీ మాట్లాడటం కనిపిస్తే కంగారు పడకండి, వెక్కిరించకండి. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన ఎలీజా ఎదుటివారి మాటలనే తిప్పి ప్రశ్నలుగా అడిగే చిన్న ప్రోగ్రాము; దాన్ని ఆయన తయారుచేయడం నెలల తరబడి చూసిన కార్యదర్శి కూడా, దానితో మాట్లాడుతూ ఆయనను గదిలోంచి బయటికి వెళ్లమని కోరిందట. మనసు విప్పుకోవడం వయసుకు సంబంధించిన బలహీనత కాదు. మీరు మాత్రం వారానికి చేసే ఫోన్లు తగ్గించకండి.

మొదటిసారి అరగంటకు మించి కూర్చోవద్దు. ఫోను వారి చేతిలోనే ఉండాలి, మీ చేతులు మీ ఒళ్లోనే ఉండాలి. తడబడినప్పుడు లాక్కుని చేసి చూపిస్తే పని అవుతుంది, పాఠం పోతుంది. తెరిచే విధానం, మైకు గుర్తు, కొత్త సంభాషణ మొదలుపెట్టడం, ఈ మూడూ వారి చేతిరాతతోనే ఒక నోటుపుస్తకంలో రాసుకోమనండి. మీరు వెళ్లాక వచ్చిన సందేహాలకు కొన్ని పేజీలు ఖాళీగా ఉంచమనండి. మా పెద్దనాన్నగారి పుస్తకంలో ఆ పేజీలు ఎప్పుడో నిండిపోయాయి. యంత్రం ఇచ్చిన జవాబులను అందులో ఎక్కించి, తప్పుల కింద ఎర్ర సిరాతో గీతలు పెట్టి, పక్కన మార్కులు వేస్తున్నారు.